నడిరేయి నిలిచిపోవు కంఠము

2025 వ సంవత్సరము కార్తిక మాసమున మా యింట నొక వింత వ్యాధి ప్రవేశించినది. వ్యాధి మనుష్యులకు గాదు, యంత్రమునకు. నిద్ర చెడినది మాత్రము మనుష్యులకే. ఇట్టి సంగతి మన పత్రికలో వ్రాయదగునా యని మొదట సంకోచించితిమి. కాని నేడు పెండ్లి ఫొటోలును, పిల్లల సర్టిఫికేట్లును, పోయినవారి కంఠస్వరములును గూడ మనము యంత్రములలోనే దాచుకొనుచున్నాము గదా! ఇనుప బీరువా తాళము చెడినచో గృహిణి యూరకుండునా?

మా తండ్రిగారు పురాణ పండితులు. మమ్ము బడికంటె నెక్కువగా నింటనే చదివించిరి. అమరకోశము, తిక్కనగారి విరాటపర్వము, పోతనగారి భాగవతము ఇవియే మా వాచకములు. ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులైన మావారిని వివాహమాడిన పిదపనే ఇంగ్లీషును, కంప్యూటరును కొంత కొంత నేర్చితిమి. 2021 వ సంవత్సరమున, కరోనా కారణమున నెవరును గడప దాటని దినములలో, మా తండ్రిగారు ప్రతి సాయంకాలమును అరగంటసేపు భాగవతమును రాగయుక్తముగా చదివెడివారు. మేము ఫోనులో పట్టియుంచెడివారము. అట్లు 64 సాయంకాలములు గడచినవి. 2023 లో వారు స్వర్గస్థులైరి. ఆ ఫోనును ఆ మరుసటి యేడు నీళ్ళలో బడి పాడైనది.

అదృష్టవశమున నంతకుముందే హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు మా తమ్ముడు తన పాత ల్యాప్‌టాప్ నొకదానిని దెచ్చి, మా యింటి అటకపై నుంచి, దానిని సర్వరుగా మార్చియుండెను. "అక్కా, ఎవరికో నెలనెలా అద్దె కట్టి నాన్నగారి గొంతు వాళ్ళ దగ్గర ఎందుకు దాచడం? మన ఇంట్లోనే ఉంచుదాం" అని వాని వాదము. మాకును సమంజసముగనే తోచినది. అందులో పాటలు వినిపించు గానశాల యొకటి, ఫొటోలుంచు చిత్రశాల యొకటి, మావారి మార్కుల పట్టికలకు మరియొకటి. ఈ పేర్లు మేము పెట్టుకొన్నవే. వాని యసలు పేర్లు వేరు.

ఈ శాలలన్నియు కంటైనరులను వానియందుండును. కంటైనరనగా నేమని యడుగుదురేమో. విశాఖపట్టణపు రేవున నోడలపై నెత్తు పెద్ద యినుప పెట్టెలను మీరు చూచియుందురు. ఏ పెట్టెలోని సరకు ఆ పెట్టెలోనే యుండి, యొకదాని తడి యింకొకదాని కంటదు. 2013 లో వెలువడిన డాకరను సాఫ్ట్‌వేరు కంప్యూటరులోపల నట్టి పెట్టెలనే కట్టును. డాకరన్న మాటకు రేవుకూలీ యని యర్థము. పెట్టెలు మోయు తిమింగిలము దాని చిహ్నము. మా మట్టుకు మాకు భోజనపు క్యారేజీయే మంచి పోలిక. పప్పుగిన్నె వేరు, పెరుగుగిన్నె వేరు; అయినను అన్నిటిని పట్టియున్న చట్రమొక్కటియే. ఆ చట్రము లినక్సు కెర్నెలు. ఈ మాట గుర్తుంచుకొనుడు. మేమిది మరచియే పదునొకండు రాత్రులు పోగొట్టుకొంటిమి.

మా యమ్మ ఇప్పుడు మా యింటనే యున్నది. ఆమెకు నిద్ర తక్కువ. రాత్రి ఒంటిగంట దాటగనే మేలుకొని, ఫోనును తలగడ చెంత నుంచుకొని, మా తండ్రిగారి పఠనమును వినుచుండును. ఒకనాటి యుదయమున దీపములు పెట్టుచు, "అమ్మాయీ, రాత్రి మీ నాన్నగారు పద్యం మధ్యలో ఆగిపోయారే" అనెను. మేము ఫోను తీసి చూచితిమి. చక్కగా పలికినది. కలగని యుందువని నవ్వితిమి. మరునాడును నదే మాట. రెండుగంటలు దాటి పది నిమిషములకు కంఠము నిలిచిపోవునట; కొంతసేపటికి మరల మొదటినుండి వచ్చునట. మేము చూచునప్పటికి అంతయు సవ్యముగనే యుండును. అమ్మ తన మాట నెవరును నమ్ముటలేదని గ్రహించి, యొక్క మాటయు ననక, గోడనున్న క్యాలెండరుపై పెన్సిలుతో నిలిచిన రాత్రికొక గీత గీయసాగెను. ఆ గీతలను చూచినప్పుడు మాకు సిగ్గు కలిగినది.

మొదటి యనుమానము కరెంటుమీదికి పోయినది. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురము చెంత తీరము దాటినది. మాది కోనసీమ. చెట్లును స్తంభములును కూలి, మా యూర కరెంటు పోయి, సర్వరు నాపివేసి, 31 వ తేదీన మరల నడిపితిమి. ఆ పిదప వారము దినములకే యీ వ్యాధి మొదలైనది. తుఫాను వెంట వచ్చినది తుఫాను బిడ్డయే యని యెవరికైన తోచును గదా!

ఒక దినమున మేము నడుముకట్టి, సర్వరును అటకపైనుండి దింపి హాలులోనికి మార్చితిమి. అటక వంటింటిపైనున్నది కావున పొయ్యి వేడిమి తగులుచున్నదని యొక యనుమానము. నెట్టు తీగ మార్చితిమి. క్రొత్తగా చేర్చిన ఫొటోలలో చెడినదేదైన నున్నదేమో యని కొన్ని తీసివేసితిమి. రెండు రాత్రులు వ్యాధి జాడ లేదు! మా ప్రజ్ఞకు మేమే మురిసి తమ్మునికి ఫోను చేసి చెప్పుకొంటిమి. మూడవ రాత్రి కంఠము మరల నిలిచినది. మావారు విని, "మూడు చరరాశులను ఒక్కసారే మార్చి, జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమంటే ఏ విద్యార్థి చెప్పగలడు?" అనిరి. కోపము వచ్చినది. మాట మాత్రము నిజము.

అప్పటినుండి యొక్కసారికి యొక్కటియే చూచుట యని నియమము పెట్టుకొంటిమి. నవంబరు 19 వ తేదీ యుదయమున యంత్రము ఎన్ని దినములనుండి మేలుకొనియున్నదో యడిగితిమి. 19 దినములని చెప్పినది. కంటైనరుల పట్టిక నడిగితిమి. చిత్రశాలయు, మార్కుల పట్టికయు 19 దినములు. గానశాల మాత్రము అయిదు గంటలు! అనగా యంత్రము చావలేదు, కరెంటు పోలేదు. గిన్నెలలో నొక్క గిన్నెయే ప్రతి రాత్రియు పడిపోవుచున్నది. తరువాత డాకర్ ఇన్‌స్పెక్ట్ అను నాజ్ఞనిచ్చి చూడగా, గానశాల తనంత తాను మరల లేచినది తొమ్మిది మారులని లెక్క చూపినది. పరుగున బోయి క్యాలెండరు చూచితిమి. అమ్మ గీతలును సరిగా తొమ్మిదియే.

ఇక్కడ నొక మాట చెప్పవలెను. పడిన కంటైనరును వెంటనే లేపు నేర్పాటు డాకరులో కలదు. తమ్ముడు మంచికే దానిని పెట్టినాడు. కాని తప్పును కప్పిపుచ్చు పనివానివలె నది ప్రతి తెల్లవారుజామునను శవమును లేపి కూర్చుండబెట్టుచున్నది. చచ్చిన కారణమును చూపు అంకె, లేచిన తక్షణము తుడిచిపెట్టుకొని పోవుచున్నది. ఉదయమున మేము చూచునది యెల్లప్పుడును ఆరోగ్యవంతుని ముఖమే. కావున ఆ రాత్రి కా యేర్పాటును తీసివేయ నిశ్చయించితిమి. అందుకు అమ్మ యనుమతి వలసియుండెను. "ఈ రాత్రి నాన్నగారి గొంతు ఆగితే మళ్ళీ రాదమ్మా, తెల్లవారేదాకా" అంటిమి. ఆమె కొంచెము సేపూరకుండి, "ఒక్క రాత్రికేగా" అనెను.

తెల్లవారి చూడగా గానశాల పడియే యున్నది. ప్రక్కన నొక సంఖ్య: 137. మావారికి సంఖ్య కనబడినచో నూరకుండలేరు. తమ్ముడు ఫోనులో విప్పిచెప్పినాడు. 128 కంటె నెక్కువైనచో, ఆ యెక్కువైన భాగము ప్రాణము దీసిన సంకేతము. 137 నుండి 128 తీసివేయగా తొమ్మిది. తొమ్మిదవ సంకేతము మృత్యుసంకేతము. తక్కిన సంకేతములకు ప్రోగ్రాము సర్దుకొని, దీపమార్పి పోవచ్చును. దీనికి అట్టి వ్యవధి లేదు. గానశాల తన దినచర్యలో నేమియు వ్రాసికొనకపోవుటకు కారణ మిదియే. పదిదినములుగా మేమా దినచర్యను చదివి చదివి కన్నులు కాయలు కాచుకొంటిమి. హత్య జరిగినచో హతుని డైరీలో హంతకుని పేరుండునా? చట్రము నడుగవలెను. కెర్నెలు చిట్టాను తెరువగా, రెండు గంటల తొమ్మిది నిమిషములకు, మెమరీ చాలక గానశాల ప్రక్రియను చంపితినని నిర్మొగమాటముగా వ్రాసియున్నది.

మెమరీ యనగా వంటగట్టు, డిస్కనగా కొట్టుగది యనుకొనుడు. వండునంతసేపు సరకు గట్టుపై నుండును. తక్కినది కొట్టులో నుండును. మా యంత్రమునకు గట్టు చిన్నది. పేరునకు నాలుగు జీబీ. వాడుకకు వచ్చునది 3.7. గట్టు నిండి వంట యాగిపోవు స్థితి వచ్చినపుడు కెర్నెలు అన్నిటికంటె పెద్దపాత్ర నెత్తి పారవేయును. ఆ పాత్రయే గట్టును నింపినదా, తుదకు వచ్చిన వేరొక సంచి నింపినదా యని విచారింపదు. మా యింట నున్నవానిలో గానశాలయే పెద్దపాత్ర, దాదాపు 0.8 జీబీ. చిత్రశాలయు తక్కినవియు గలిసి 0.9. ఇవి పగలు రాత్రి యొక్కతీరుననే యున్నవి. మరి రెండుగంటలకు గట్టును నింపుచున్నదేది?

"గానశాలకి 600 ఎంబీ హద్దు పెట్టేద్దాం అక్కా" అని తమ్ముడనెను. మేమొప్పుకొనలేదు. దొంగ దొరకకమునుపే దోచుకొనబడినవానికి సంకెల వేయుట యేమి న్యాయము? అట్లు చేసినచో నది రాత్రికి బదులు పగలే చచ్చును. ఈ విషయమున వాని చదువుకంటె మా వంటింటి యనుభవమే సరియైనదని యిప్పటికిని మా యభిప్రాయము.

20 వ తేదీ అమావాస్య. మరునాడు పోలిపాడ్యమి. తెల్లవారుజామున కాలువలో దీపములు విడువవలెను గనుక ఎట్లును నిద్రలేదు. అరటిదొప్పలును వత్తులును సిద్ధము చేసికొని, రెండు గంటలకు యంత్రము ముందు కూర్చుంటిమి. నిమిషమున కొకమారు మెమరీ లెక్క చూచుచు కాగితముపై వేసికొంటిమి. కంటైనరుల యంకెలు కదలలేదు. కాని "షేర్డ్" అను వరుసలోని యంకె 0.1 నుండి 0.4 కు, 0.9 కు, 1.5 కు నెక్కుచున్నది! ఎవరి దీ భాగము? డిస్కుల పట్టిక తీసితిమి. అందులో టెంప్ అను తాత్కాలికపు అర నిమిషనిమిషమునకు నిండుచున్నది. ఆ యర డిస్కుమీద లేదు, మెమరీలో నున్నది.

సంగతి యప్పుడు విడివడినది. దసరాకు వచ్చినపుడు తమ్ముడు యంత్రమును డెబియన్ 13 కు మార్చి వెళ్ళెను. 2025 ఆగస్టులో వెలువడిన ఆ కూర్పులో నొక మార్పు కలదు. పూర్వము డిస్కుమీద నుండెడి తాత్కాలికపు అరను మెమరీలోనికి దెచ్చిరి. మెమరీలో సగమువరకు నది యాక్రమింపవచ్చును. పెద్ద గట్టున్న యిండ్లకిది సౌకర్యమే. మా యింట రాత్రి రెండుగంటలకు నిత్యమును నడచు ప్రతి తీయు స్క్రిప్టు, మూట మొత్తమును ముందు తాత్కాలికపు అరలో కట్టి, ఆ పిదప ప్రక్కనున్న డిస్కులోనికి చేర్చెడిది. కొట్టుగదిలో కట్టుచుంటినని యనుకొనుచు నది వంటగట్టుమీద మూట కట్టుచున్నది. డిస్కు అరుగునని తలచి స్వాప్ అను నధికపు చోటును తమ్ముడు మునుపే తీసివేసెను గాన, పొంగిపోవుటకు వేరొక పాత్ర లేదు.

దసరాకే వచ్చిన మార్పునకు కార్తికమున వ్యాధి యేల? ఆ కారణము మేమే. తుఫాను చెమ్మకు మా తండ్రిగారి చేతివ్రాత పుస్తకములు బూజుపట్టునేమో యని భయపడి, పదిదినములలో 240 పుటలను స్కాను చేసి అదే సంచయములో చేర్చితిమి. అవి 1.2 జీబీ. కంఠము 0.9. డేటాబేసు 0.2. మూట నానాటికి బరువెక్కినది. ఆనాడు రెండు రాత్రులు వ్యాధి తగ్గుట గూడ మా ప్రజ్ఞ కాదు. సర్వరును హాలులోనికి మార్చినపుడు ప్రక్కనున్న డిస్కును తగిలించుట మరచితిమి. డిస్కు లేదని స్క్రిప్టు మూట కట్టకయే వెనుదిరిగినది. మూడవనాడు తగిలించితిమి, వ్యాధి తిరిగివచ్చినది.

సోదరీమణులారా, ఇంతవరకు చెప్పినది చిక్కు. భయమిక ముందున్నది. ఆ మూడు లెక్కలను కూడి చూడుడు: 2.3. తాత్కాలికపు అర గరిష్ఠపరిమాణ మించుమించు 1.9. మరి మూట యెట్లు పట్టినది? చేతులు చల్లబడగా, ప్రక్క డిస్కులోని ప్రతులను తీసి చూచితిమి. ఏడు దినములకు ఏడు ప్రతులుండును. ఎనిమిదవది వచ్చినపుడు మొదటిది పోవును. ఏడింటి బరువును 1.9. ఒక్కొకటే విప్పితిమి. ఏడును నడుమ తెగినవే. స్కానులన్నియు గలవు, కంఠము 36 వ సాయంకాలముతో సరి. అర నిండినదని మూటకట్టు ప్రోగ్రాము మొరపెట్టుకొన్నను, స్క్రిప్టు వినక, తెగిన మూటనే నిత్యమును భద్రముగా మోసి దాచుచున్నది. పూర్ణమైన పాత ప్రతులు ఎప్పుడో తుడిచివేయబడినవి. 37 నుండి 64 వరకు మా తండ్రిగారి సాయంకాలము లన్నియు నిప్పు డొక పాత ల్యాప్‌టాప్‌లోని పాత డిస్కుపై మాత్రమే యున్నవి. ప్రతి యున్నదని యేమరి యున్నాము!

నాలుగున్నరకు అమ్మను వెంటబెట్టుకొని కాలువకు పోయితిమి. నీటిపై దీపములు బారులు తీరి పోవుచుండెను. మా మనస్సు దీపములపై లేదు. అమ్మ కేమియు చెప్పలేదు. ఇంటికి రాగానే తడిచీరతోనే మూలప్రతులను పెన్‌డ్రైవు నొకదానిలోనికి దించితిమి. 64 ను నున్నవి. నమ్మకము చాలక, ప్రతిదాని మొదలును చివరయు వింటిమి. మావారు ఆదినమున హోటలు ఇడ్డెనులు తిని బడికి పోయిరి.

మందు చిన్నదే. మూటను తాత్కాలికపు అరలో గాక నేరుగా ప్రక్క డిస్కుపైననే కట్టునట్లు స్క్రిప్టులో నొక పంక్తి మార్చితిమి. కట్టుటలో పొరపాటు వచ్చినచో నచ్చటనే యాగి మా ఫోనుకు సందేశము పంపవలెనని రెండు పంక్తులు చేర్చితిమి. పాతప్రతిని తుడుచుటకు ముందు క్రొత్తదానిని విప్పి, అందులోని కంఠములు 64 అవునా కాదా యని లెక్క చూచునట్లు తమ్ముడు మరి నాలుగు పంక్తులు వ్రాసి పంపెను. రెండు జీబీ స్వాప్ తిరిగి పెట్టితిమి. గానశాల పడినచో మరల లేచు నేర్పాటును గూడ తిరిగి పెట్టితిమి. దానియందు దోషము లేదు. కాని యెన్నిమారులు లేచినదో ఆదివారమునాడు చూచు వాడుక చేసికొంటిమి. పెన్‌డ్రైవులు రెండు: ఒకటి మా బీరువాలో, ఒకటి హైదరాబాదులో తమ్ముని యింట.

ఆ రాత్రి అమ్మ గదిలోనే చాపవేసికొని పరుంటిమి. మా తండ్రిగారు గజేంద్రమోక్షము చదువుచున్నారు. రెండు కొట్టినది. అమ్మ కన్నులు మూసికొనియే యున్నది గాని నిద్రపోలేదని మాకు తెలియును. రెండుంబది యైనది. కంఠము సాగుచున్నది. రెండుంబావు. నడుమ నొకచోట వారు దగ్గి, మంచినీళ్ళకై మమ్ము బిలిచిన పిలుపు గూడ నందులో పడియున్నది. ఇంతకుముందు మేమెన్నడును దానిని వినలేదు. అమ్మ దగ్గరనుండి మాట లేదు. రెండున్నర కావచ్చుచుండగా చేయి చాచి మా భుజము తట్టి, "ఇంక కట్టెయ్యవే, నిద్ర వస్తోంది" అనెను.